సూర్యమిత్ర శిక్షణ: మన మోటారు మెకానిక్‌కు చోటేదీ?

సోలార్‌కు మన సంఘం వ్యతిరేకం కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. శిక్షణ నిధుల లెక్క అడిగితే చాలు, రైతులు అభివృద్ధికి అడ్డం పడుతున్నారని అనేవాళ్లు తయారుగా ఉంటారు. ఎండనూ వాననూ నమ్ముకుని బతికేవాళ్లం, ఎండతో కరెంటు వస్తుందంటే ఎందుకు కాదంటాం? మన ప్రశ్న వేరే. ఆ పని నేర్పడానికి ప్రభుత్వం పెడుతున్న డబ్బు ఎవరిని వెతుక్కుంటూ పోతోంది? చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో ఆ పని అందుకోగలిగినవాళ్లు గడప అవతలే ఎందుకు ఉండిపోతున్నారు?

కేంద్ర ప్రభుత్వం 2015లో సూర్యమిత్ర అనే శిక్షణ మొదలుపెట్టింది. నవీన, పునరుత్పాదక ఇంధన శాఖ డబ్బిస్తుంది. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ నడిపిస్తుంది. మూడు నెలలు, 600 గంటలు. ఫీజు లేదు, తిండీ బసా ఉచితం. 50 వేల మందిని తయారు చేస్తామన్నారు, చేశారు కూడా. అయితే వాళ్లలో కొలువు దొరికింది సుమారు సగం మందికే. మిగతా సగానికి సర్టిఫికెట్ మిగిలింది.

ఇక అర్హత చూడండి. పదో తరగతి పాసై, ఆ మీద ఎలక్ట్రీషియన్, వైర్‌మన్ వంటి ట్రేడులో ఐటీఐ గానీ, డిప్లొమా గానీ ఉండాలి. మన ఊళ్లలో కరెంటు పని నిజంగా చేస్తున్నది ఎవరు? ఊరికొక మోటారు మెకానిక్ ఉంటాడు. ఏ ఎనిమిదో తరగతిలోనో బడి మానేసి ఉంటాడు. వైండింగ్ కాలిందా, బోరులో కేబుల్ జాయింట్ పోయిందా అన్నది స్టార్టర్ చప్పుడు విని చెబుతాడు. పూల తోట ఎండిపోతోందని అర్ధరాత్రి ఫోన్ చేసినా టార్చిలైటు పట్టుకుని వస్తాడు. పైపులు ఒక్కొక్కటే విప్పుకుంటూ మోటారు పైకి తీస్తాడు. ఇరవై ఏళ్లుగా ఇదే పని. సర్కారు లెక్కలో మాత్రం అతనికి ఏ పనీ రాదు. అతని పేరు ఏ రిజిస్టర్‌లోనూ లేదు.

సర్టిఫికెట్ లేనివాళ్లు కరెంటు ముట్టుకుంటే ప్రమాదం అంటారు అధికారులు. నిజమే. మామూలు లైను అయితే మెయిన్ ఆపితే కరెంటు ఆగుతుంది. సోలార్ ప్లేట్ల మీద ఎండ పడుతున్నంత సేపూ తీగల్లో కరెంటు ఉంటుంది, మెయిన్ ఆపినా ప్లేట్ల దగ్గర అది పోదు. కనెక్టరు సరిగా బిగించకపోతే నిప్పు పుడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి ప్రాణం పోగొట్టుకున్న రైతు కథ ఏ మండలానికీ కొత్త కాదు. రేపు ఇంటి కప్పు మీద సోలార్ ఆగిపోతే చూడమని పిలిచేది కూడా ఈ మెకానిక్‌నే. ప్రమాదం అతనికే ఎక్కువ అయినప్పుడు శిక్షణలో ముందు వరుస అతనిది కావాలి కదా? చదువు లేదని గుమ్మంలోనే ఆపి, ప్రమాదం అని పాఠం చెప్పడం ఏం న్యాయం?

శిక్షణ ఉచితం అన్న మాట కూడా సగమే నిజం. మూడు నెలలు ఇల్లు వదిలి ఉండాలి. కూలికి పోయే పిల్లవాడికి రోజుకు అయిదు వందలు లెక్క వేసినా తొంభై రోజులకు 45 వేల రూపాయలు. ఆ డబ్బు ఎవరిస్తారు? కౌలు రైతు కొడుకు, పూలు కోసే తల్లి కూతురు ఈ శిక్షణకు పోవాలంటే ఇంట్లో పొయ్యి ఆపుకుని పోవాలి. తీసుకునే స్థోమత లేని ఉచితం ఎవరికి ఉచితమో శాఖ వాళ్లే చెప్పాలి.

మన ప్రాంతం సంగతి కొంచెం ప్రత్యేకం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులను కాపాడాలని 1996లో జీవో 111 వచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి, మొయినాబాద్ ఊళ్లూ చేవెళ్ల వైపు ఊళ్లూ అందులో ఉన్నాయి. నీళ్లు పాడు కాకూడదన్నది మంచి మాటే. కానీ కాలుష్యం పేరుతో ఫ్యాక్టరీ రాలేదు, ఫామ్‌హౌస్‌లు మాత్రం వరుసగా లేచాయి. గులాబీ, చామంతి, టమాట, క్యారెట్ పండిన భూముల చుట్టూ ప్రహరీలు వచ్చాయి. తోట పోయినచోట తోటలో పూలు కోసిన ఆడవాళ్ల కూలీ కూడా పోయింది. పొగ రాని, చెరువు నీళ్లను చెడగొట్టని పని ఏదైనా ఉందంటే అది సోలార్ పనే. ఇలాంటి ఊళ్లకు కాకపోతే ఈ శిక్షణ ఇంకెవరికి?

ఇక్కడ సోలార్ అంటే పొలాల్లో ప్లేట్లు అనుకోవద్దు. కుసుమ్ పథకం మొదటి భాగం కింద అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల ప్లాంటు పెట్టుకోవచ్చు, రాష్ట్రంలో యూనిట్‌కు 3 రూపాయల 13 పైసలు ఇస్తారు. మెగావాట్‌కు సుమారు నాలుగెకరాలు కావాలి. చేవెళ్ల రోడ్డు మీద ఎకరం ధర తెలిసినవాళ్లెవరూ ఆ పని చేయరు. సోలార్ మోటార్ల సబ్సిడీ ఏడున్నర హెచ్‌పీ వరకే. ఉచిత కరెంటు ఉండగా, లోతు బోర్లున్న మన రైతులు దాని కోసం ఎగబడరు. మనకు మిగిలేది ఇంటి కప్పులు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. ఇళ్లు, కాలేజీలు, ఫంక్షన్ హాళ్లు, కోళ్ల షెడ్లు, ఆ ఫామ్‌హౌస్‌లు కూడా. వీటికి ప్లేట్లు బిగించాలి, దుమ్ము కడగాలి, ఇన్వర్టర్ ఆగితే చూడాలి. పాతికేళ్ల పాటు ఉండే పని ఇది, రోజూ ఉండే పని. పట్నం నుంచి ముఠా వచ్చి రెండు రోజుల్లో బిగించి పోతే, మన పిల్లలకు మిగిలేది నిచ్చెన పట్టుకునే కూలీ.

శిక్షణ కేంద్రాలకు డబ్బిచ్చి తలలు లెక్కపెడితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మీద కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. కాగ్ పరిశీలించిన సుమారు 96 లక్షల మంది రికార్డుల్లో 94 శాతానికి పైగా బ్యాంకు ఖాతా గడిలో సున్నాలో, ఖాళీయో ఉందని తేలింది. మన దగ్గర యూరియా బస్తాకు ఆధార్ అడిగి, వేలిముద్ర పడకపోతే వెనక్కి పంపే ప్రభుత్వం, శిక్షణ కేంద్రం దగ్గర ఇంత ఉదారంగా ఎట్లా ఉంది?

రాష్ట్ర ప్రభుత్వానికీ మన మాట ఉంది. 2025 ఇంధన విధానంలో 2030 నాటికి మరో 20 వేల మెగావాట్లు అన్నారు. మహిళా సంఘాల చేత వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టిస్తామన్నారు. సంతోషం. ఆ అక్కాచెల్లెళ్లకు ప్లాంటు కాగితాల మీద సంతకం పెట్టడం ఒక్కటే నేర్పుతారా, మీటరు చదవడం, ఇన్వర్టర్ చూడడం కూడా నేర్పుతారా? 2,324 కోట్లతో 65 ఐటీఐలను ఆధునిక కేంద్రాలుగా మారుస్తున్నారు. వాటిలో సాయంత్రం పూట ఒక గది, కొన్ని ప్లేట్లు, ఒక ఇన్వర్టర్ మన మెకానిక్‌ల కోసం కేటాయిస్తే ఖజానా ఏమీ ఖాళీ కాదు.

కౌశల్ వికాస్‌లోనే చేతిలో ఉన్న పనిని పరీక్షించి గుర్తింపు ఇచ్చే పద్ధతి ఉంది. సోలార్ శిక్షణకు ఐటీఐ షరతు తీసేసి ఆ పద్ధతి పెట్టమంటున్నాం. శిక్షణ మండల కేంద్రంలో జరగాలి, పోయిన కూలికి భృతి ఇవ్వాలి, సీట్లలో సగం ఆడవాళ్లకు ఉండాలి. సంస్థకు చివరి విడత డబ్బు, నేర్చుకున్నవాళ్లు ఏడాది పాటు పనిలో ఉన్నాకే ఇవ్వాలి. సబ్సిడీ తీసుకునే కంపెనీ ఏ మండలంలో ప్లేట్లు బిగిస్తే ఆ మండలం మనిషిని మరమ్మతుకు పెట్టుకోవాలి. ఎవరికి శిక్షణ ఇచ్చారో ఊరి పేరుతో సహా పంచాయతీ గోడ మీద రాయాలి.

ఈ కోరికలతో కలెక్టర్‌కూ, రెడ్కో అధికారులకూ వినతిపత్రం ఇవ్వాలి. ఉత్త కాగితంతో పోతే దస్త్రంలో కలిసిపోతుంది. ప్రతి గ్రామ శాఖా తన ఊళ్లో మోటార్లు బాగుచేసేవాళ్లు, వైరింగ్ చేసేవాళ్లు, తోట పని పోయి ఖాళీగా ఉన్న ఆడపిల్లలు ఎంతమందో రాసి, వాళ్ల ఒప్పుకోలుతో పేర్లు తీసుకుని వచ్చే నెల మండల సమావేశానికి రావాలి. వీలైతే ఆ మెకానిక్‌లను కూడా వెంట తీసుకురండి. అధికారుల ముందు మాట్లాడాల్సింది వాళ్లే.