మెల్లకన్ను అదృష్టమా?

మా దేవరుప్పుల దిక్కే కాదు, తెలుగునాట ఏ మూలకు పోయినా ఒక మాట వినబడుతుంది: "పిల్లగానికి మెల్లకన్ను ఉన్నది, అదృష్టవంతుడు!" ఈ మాట అన్నవారికి దురుద్దేశమేమీ లేదు. తల్లి కుమిలిపోకుండా ఎప్పుడో పెద్దలు చెప్పిన ఓదార్పు కావచ్చు. కాని ఆ ఓదార్పు చాటున ఒక కంటి చూపు చల్లగా ఆరిపోతూ ఉండవచ్చునన్న సంగతి ఎందరికి తెలుసు?

చూసేది కన్ను అని మనం అనుకుంటాం. కన్ను పట్టుకున్న వెలుగును దృశ్యంగా మార్చేది మాత్రం తల వెనుక భాగాన ఉన్న మెదడు పొర. విజువల్ కార్టెక్స్ అంటారు; మనం దృష్టి వల్కలం అనుకుందాం. 1904-05 రష్యా-జపాన్ యుద్ధంలో తల వెనుక తూటా తగిలిన సైనికులు కొందరికి కళ్ళు చెక్కు చెదరలేదు, అయినా చూపులో కొంత భాగం పోయింది. తత్సుజి ఇనౌయె అనే జపాను కంటివైద్యుడు ఆ గాయాలను కొలిచి, మెదడులో ఏ చోటు చూపులోని ఏ భాగానికి సంబంధించినదో 1909లో ప్రకటించాడు.

ఈ వల్కలానికి ఒక చిత్రమైన గుణమున్నది. మారని దానిని అంతగా పట్టించుకోదు, మారిన దానికి ఉలిక్కిపడుతుంది. జొన్నచేను మంచెమీద కావలి ఉన్నవానిని అడగండి. వేల కంకుల్లో ఏ ఒక్కటీ అతనికి ప్రత్యేకంగా కనబడదు; ఒక మూల నాలుగు కర్రలు కదిలినాయంటే మాత్రం వడిసెల చేతిలోకి వస్తుంది! కంచెమీద తొండ తల ఊపేదాకా అది కట్టెపుల్లే కదా. మన ముక్కు మన కళ్ళ ముందే ఉన్నా దానిని పగలంతా చూడకుండానే తిరుగుతున్నాం.

ఈ రహస్యం ప్రయోగశాలలో బయటపడిన తీరు ఇంకా తమాషా. 1950ల చివర అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ లో హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు పిల్లి మెదడులోని ఒక కణం మీద చెవి పెట్టి కూర్చున్నారు. తెరమీద చుక్కలు చూపించారు, ఉలుకూ లేదు పలుకూ లేదు. గాజుపలక మారుస్తుండగా దాని అంచు నీడ ఒక గీతలాగా తెరమీద జరిగింది. అంతే, కణం టపటపా మోగింది! చుక్కకు చలించనిది జరిగే గీతకు చలించింది. 1981లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది.

మనకు ఎక్కువ కావలసింది వారి తరువాతి ప్రయోగం. పిల్లికూన ఒక కన్ను రెప్పలు కుట్టి, కొన్ని వారాల తరువాత విప్పారు. కన్ను బాగానే ఉన్నది, కాని వల్కలంలోని కణాలు దాదాపు అన్నీ తెరిచి ఉన్న కంటికే జవాబు చెబుతున్నాయి. ఎదిగిన పిల్లికి ఇదే పని చేస్తే ఏమీ కాలేదు. అంటే బాల్యంలో ఒక గడువు ఉన్నది. ఆ గడువులో మారుతున్న లోకం ఏ కంటి నుంచి స్పష్టంగా అందుతుందో ఆ కంటికే మెదడు చోటు రాసిస్తుంది. పట్టా మారినట్టే అనుకోండి!

మెల్లకన్ను కథ ఇక్కడే. రెండు కళ్ళు రెండు దిక్కులు చూస్తే ఒకటే వస్తువు రెండుగా తోస్తుంది. పసిమెదడు ఆ తికమక భరించలేక ఒక కంటి కబురును పక్కన పెడుతుంది. అలా ఏళ్ళు గడిస్తే ఆ కన్ను "లేజీ ఐ" అవుతుంది. మెల్ల ఉన్న ప్రతి బిడ్డకూ ఇట్లా కాదు. అట్లాగే మెల్ల లేకుండా, రెండు కళ్ళ పవరులో తేడా ఉండి చూపు పోయేవారూ ఉన్నారు. వారి సంగతి ఎవరికీ తెలియనే తెలియదు. పొద్దున్నే మైదానంలో పరుగులు తీసి కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్న మిత్రులారా, అక్కడ రెండు కళ్ళనూ విడివిడిగా పరీక్షిస్తారు. ఒక కన్ను సరిగా లేదని ఇరవైయేళ్ళకు, ఆ గదిలో తెలుసుకోవడం ఎంత దారుణం!

2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్ లో మొదలైన "కంటి వెలుగు" మా ఊళ్ళకూ వచ్చింది, 2023లో రెండవ విడతా జరిగింది. ముసలమ్మలు మళ్ళీ సూదిలో దారం ఎక్కించారు, సంతోషమే. కాని మెదడు వదిలేసిన కంటికి పెద్దయినాక అద్దాలు పెట్టి ఏం లాభం? 2005లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 7 నుంచి 12 ఏళ్ళ పిల్లల్లో నూటికి 53 మందికి చికిత్సతో చూపు మెరుగుపడింది. 13 దాటినవారిలో 25 మందికే. ఆలస్యమైతే అంతా అయిపోయిందని కాదు, కాని ఏడేళ్ళ లోపు పట్టుకోవడమే మేలు. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం లెక్క ప్రకారం వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్వాడీలకు పోవాలి. పోయినప్పుడు ఎత్తూ బరువుతో పాటు ఒక్కొక్క కన్ను మూసి చూడాలని నా వాదన.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టి, బొమ్మ చూపుతూ ఒక కన్ను చేత్తో మూయాలి. మంచి కన్ను మూస్తే బిడ్డ చేయి తోసేస్తుంది, ఏడుస్తుంది. చూపు తగ్గిన కన్ను మూస్తే ఊరుకుంటుంది. అనుమానం వస్తే కంటిడాక్టరు దగ్గరికి. తరువాత అద్దాలు, మంచి కంటికి పట్టీ. ఈ పట్టీ వైద్యం 1743లోనే ఫ్రాన్సులో బ్యుఫాన్ చెప్పినదే! లోపం మరీ ఎక్కువ కాకుంటే రోజుకు 2 గంటల పట్టీ 6 గంటల పట్టీతో సమానంగా పనిచేసిందని 2003లో తేలింది. కష్టమల్లా నాయనమ్మను ఒప్పించడమే. "బంగారమసొంటి కన్నుకు గంతలు కడతారా?" అంటుంది.

1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి మా మండలంలోనిదే. దొరను నిలదీసిన నేల ఈ "అదృష్టం" మాటను ఎందుకు నిలదీయలేదు? ఏటేటా ఎన్.ఎస్.ఎస్. క్యాంపులో ఏడు రోజులు మొక్కలు నాటుతున్నాం, గడ్డి పీకుతున్నాం. అందులో ఒక్క పూట ఈ పనికి ఇవ్వమనీ, వచ్చే క్యాంపును దేవరుప్పుల మండలంలో పెట్టమనీ సంఘ కార్యవర్గాన్ని అడుగుతున్నాను. కడవెండి, కోలుకొండ, సింగరాజుపల్లి అంగన్వాడీ టీచరమ్మలతో మాట్లాడే పూచీ నాది. అనుమానమున్న పిల్లలను జనగామ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఒక ఆటో కిరాయి సంఘం భరిస్తే చాలు.