కౌంటరు వెనక చదువు ఎవరికి?

మొన్న ఒక చిన్న పట్టణంలో మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను. ఒకావిడ గొంతు తగ్గించి "72 గంటల మాత్ర" అడిగింది. కౌంటర్లో ఉన్న కుర్రాడు అందరికీ వినబడేలా "అబార్షన్‌దా?" అన్నాడు. ఆమె ఏమీ కొనకుండానే వెళ్ళిపోయింది. గంటలు లెక్కపెట్టుకుంటూ మరో షాపు వెతుక్కోవాలి.

ఆ రెండూ వేరువేరు మందులని ఆ కుర్రాడికి తెలియదు. లెవోనార్జెస్ట్రెల్ గర్భం రాకుండా ఆపేది. నిలిచిన గర్భాన్ని తీసెయ్యదు. 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అమ్మవచ్చు. గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్‌లకు చీటీ తప్పనిసరి. ఇది తెలియాల్సిన ఫార్మసిస్టు సర్టిఫికెట్టు గోడమీద ఉంది, మనిషి లేడు.

2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫార్మసిస్టు ఐదేళ్ళలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులకు హాజరు కావాలి. ఒక్కొక్కటి కనీసం ఒకరోజు. ఈ రెండు రోజులకే ఎంత గొణుగుడో! ముప్ఫై ఏళ్ళుగా మందులమ్ముతున్న మాకు కొత్తగా ఏం చెప్తారంటారు షాపుల యజమానులు. సంతకం, భోజనం, సర్టిఫికెట్టు, అంతేగా అని ఒకాయన నవ్వాడు. ఆ నవ్వుని కొట్టిపారెయ్యలేను. పాఠాలు అలా సాగితే విసుగు సహజమే.

అవే షాపుల్లో డి.ఫార్మసీ చదివి జీతానికి పనిచేసే ఆడపిల్లల మాట వేరు. నేర్చుకోవాలనే ఉంది వాళ్ళకి. కానీ వెళ్ళిన రోజు జీతం కోత. ఫీజు, బస్సు చార్జీ సొంతం. చంటిబిడ్డ ఉంటే ఇక సరేసరి. "మేడమ్, నా సర్టిఫికెట్టు మీదే షాపు నడుస్తోంది. నేను చదువుకోవడానికి మాత్రం ఒక్కరోజు సెలవివ్వరు" అంది ఒకమ్మాయి. నిర్బంధం యజమాని మీదా, ఈ అమ్మాయి మీదా ఒకే బరువుతో పడదు. ఇద్దరిదీ కలిపి "ఫార్మసిస్టుల విముఖత" అనేస్తే మనం ఆమెకు అన్యాయం చేసినట్టే.

అయినా నిర్బంధం ఉండాలనే నేనంటాను. నెల తప్పినా, తెల్లబట్ట అయినా, బిడ్డకి విరేచనాలైనా మన ఆడవాళ్ళు చాలామంది ముందు వెళ్ళేది మందుల షాపుకే. అక్కడ దొరికే సలహా నిన్నటిదైతే నష్టపోయేది వాళ్ళ శరీరాలు. అయితే కోర్సు రోజుని జీతంతో కూడిన పనిరోజుగా లెక్కించాలి. గర్భనిరోధం, గర్భస్రావం, అడిగినామె గోప్యత పాఠాల్లో ఉండాలి. చీటీ మీద మందిచ్చే పని రిజిస్టర్డ్ ఫార్మసిస్టుదేనని 1948 చట్టమే చెప్తోంది. సర్టిఫికెట్టు అద్దెకిచ్చి ఎక్కడో ఉన్న మనిషి కోర్సుకి వెళ్ళొస్తే ఆ కుర్రాడికేం తెలుస్తుంది?

రాష్ట్ర ఫార్మసీ కౌన్సిళ్ళకు మన సంఘాలు రాసే ఉత్తరాల్లో ఈ ప్రశ్న ముందుండాలి. ఈలోగా షాపుకి వెళ్ళినప్పుడల్లా గోడమీద పేరు చదివి, ఆ మనిషి ఎక్కడని అడుగుదాం.