ఐదు వందల కాపీల పుస్తకం

తెలుగులో కథల సంపుటి వేస్తే ఐదు వందల కాపీలు. కొందరైతే మూడు వందలతోనే సరిపెడుతున్నారు. అచ్చు ఖర్చు చాలాసార్లు రచయితదే. అమ్మిపెట్టేవాళ్ల కమిషన్ నలభై శాతం దాకా పోతుంది. సమీక్షకులకూ, ఆవిష్కరణ సభకొచ్చిన పెద్దలకూ కొన్ని ఉచితం. మిగిలినవి చెల్లడానికి రెండేళ్లు పడితే చాలు, పుస్తకం ‘ఆడలేదు’ అనేస్తాం.

మొదటి వారం వసూళ్ల లెక్క సినిమాకు సరే, పుస్తకానికి ఎందుకు? ఒక తాలూకా చరిత్ర రాసినాయనకు ఈ ఏడాది దొరికే పాఠకులు రెండొందల మందే కావచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఊళ్ల మీద పరిశోధన చేసే పిల్లకు మాత్రం అదే దిక్కు. అప్పటిదాకా దాన్ని అట్టిపెట్టడం ఏ దుకాణం వల్లా కాదు. అది గ్రంథాలయం పని.

ఆ పనికి డబ్బు మనం కడుతూనే ఉన్నాం. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల సెస్సు వసూలవుతోంది. కానీ స్థానిక సంస్థలు వసూలు చేసినంత చురుగ్గా దాన్ని గ్రంథాలయ సంస్థలకు జమ చేయవు. బకాయిలు పేరుకుంటాయి. కోత మొదట పడేది కొత్త పుస్తకాల మీదే.

బ్రిటన్ 1979లోనే చట్టం చేసి, గ్రంథాలయంలో పుస్తకం ఎరువు వెళ్లిన ప్రతిసారీ రచయితకు కొన్ని పెన్నీలు ముట్టేలా చూసింది. ఒకరికి ఏటా 6,600 పౌండ్లు దాటకుండా పరిమితి కూడా పెట్టింది. లక్షల్లో అమ్ముడయ్యేవాళ్లే నిధినంతా ఊడ్చుకుపోకుండా, తక్కువ అమ్ముడయ్యేవాళ్లకూ వాటా మిగలాలని.

మనం అంత దూరం పోనక్కర్లేదు. ఏటా ఒక తేదీ పెట్టుకుని, రెండు రాష్ట్రాల్లోనూ ఎంపిక చేసిన పుస్తకాలు శాఖా గ్రంథాలయాలకు కొంటే చాలు. మూడొందల కాపీలకు భరోసా దొరికితే ప్రచురణకర్త రెండో పుస్తకానికి ధైర్యం చేస్తాడు. అయినవాళ్ల పుస్తకాలే కొంటారన్న అనుమానం న్యాయమైనదే. కొన్న జాబితా, ఎంపిక చేసినవారి పేర్లు గ్రంథాలయం గోడకు అంటించమందాం.

ఈసారి ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు ఎంతో చూడండి. ఆ రసీదు పట్టుకుని మీ ఊరి గ్రంథాలయానికి వెళ్లి, ఈ ఏడాది ఏ కొత్త పుస్తకాలు కొన్నారో అడగండి. అడిగే హక్కు డబ్బు కట్టినవాళ్లది.