బ్యాకప్ వుంది సరే, ఎప్పటికి లేస్తుంది?

మన కాలేజీల్లో డేటాబేస్ పాఠంలో బ్యాకప్ గురించి తప్పకుండా చెబుతారు. పరీక్షలో అడుగుతారు కూడా. మనం రకాలన్నీ కంఠతా పట్టి రాసేస్తాం, మార్కులు పడతాయి. అయితే ఆ బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను మళ్ళీ నిలబెట్టడానికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగారా? నా ఎరికలో అడగలేదు. దాచడం సగం విద్యే, తిరిగి తీయడం మిగతా సగం అని నా వాదన.

ఒక ఉదాహరణ చూడండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు సర్వర్‌లోని సుమారు 300 జీబీ డేటాను చెరిపేశారు. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్ వెతికితే లేదు! ప్రోగ్రాము వెర్షన్ తేడా వల్ల అది విఫలమవుతూ వుంది, ఆ సంగతి చెప్పే ఈమెయిళ్ళు ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ 6 గంటల ముందు తీసిన నకలు ఒకటి దొరికింది. అయినా దాన్ని అసలు చోటికి చేర్చడానికి సుమారు 18 గంటలు పట్టింది. నకలున్న డిస్కులు అంత నిదానమైనవి. ఈ కథంతా ఆ సంస్థ దాచకుండా తానే ప్రకటించడం మెచ్చుకోదగ్గ విషయం.

రీస్టోర్ నత్తనడక నడుస్తోందంటే మనవాళ్ళు వెంటనే అనే మాట "కొత్త సర్వర్ కొనాలి సార్!" నేనొప్పుకోను. ముందు కాగితం మీద లెక్క వెయ్యండి. సెకనుకు 100 ఎంబీ రాయగల డిస్కు మీదికి 500 జీబీ చేరడానికి 5,000 సెకన్లు, అంటే గంటా ఇరవైమూడు నిమిషాలు చాలు. మీకు పది గంటలు పడుతోందా? అయితే ఆలస్యం వట్టి మోతలో లేదు, మోసుకొచ్చాక చేసే పనిలో వుంది.

లైబ్రరీని కొత్త భవనానికి మార్చడం ఊహించుకోండి. బీరువాలను వున్నవున్నట్టు మోస్తే ఒకరోజు పని. పుస్తకాలు విడిగా తెచ్చి, ఒక్కొక్కదానికీ కార్డు మళ్ళీ రాసి, అక్షరక్రమంలో పేర్చాలంటే నెల పడుతుంది. టెక్స్టు రూపంలో తీసిన డంప్ ఈ రెండో రకం. ప్రతి వరుసా మళ్ళీ ఎక్కాలి, ప్రతి ఇండెక్సూ మళ్ళీ కట్టాలి. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటి డంప్ ఒకే మనిషి మోసినట్టు ఒకదాని తర్వాత ఒకటిగా ఎక్కుతుంది. కస్టమ్ పద్ధతిలోనో డైరెక్టరీ పద్ధతిలోనో తీసివుంటే పీజీ రిస్టోర్ ఆ పనిని నలుగురికి పంచగలదు. అంటే రీస్టోర్ వేగం చాలామటుకు బ్యాకప్ తీసిన రోజే నిర్ణయమైపోతుందన్నమాట.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇంకో చిత్రం. విండోస్‌లో ఒక అనుమతి ఇవ్వకపోతే, అది డేటా ఫైలంత చోటునీ ముందు సున్నాలతో నింపి, ఆ తర్వాతే డేటా తెస్తుంది. చూసేవాడికి శాతం సున్నా దగ్గరే నిలబడి వుంటుంది. ఆ అనుమతి ఇవ్వకుండా కొత్త సర్వర్ కొన్నా అదీ కూర్చుని సున్నాలే రాస్తుంది. ఏం లాభం?

అంచేత లెక్చరర్లకు నా మనవి. సెమిస్టరుకు ఒక్క లాబ్ పీరియడు దీనికి కేటాయించండి. పెద్ద బ్యాకప్ ఒకటిచ్చి, గడియారం పెట్టి రీస్టోర్ చేయించండి. డిస్కు, ప్రాసెసరు, నెట్‌వర్కు, ఈ మూడింట్లో ఏది ఊపిరాడకుండా పనిచేస్తోందో, ఏది ఖాళీగా కూర్చుందో రికార్డులో రాయించండి. "సిలబస్‌కే టైము చాలడం లేదు" అంటారేమో. మాట వాస్తవమే. కానీ ఉద్యోగాల్లో వున్న మన పూర్వ విద్యార్థులు ఏడాదికొక పూట వచ్చి చేసి చూపిస్తే కాదనేవారెవరు?

రేపు మనలో ఒకరు ఆసుపత్రిలోనో, బ్యాంకులోనో, పరీక్షల విభాగంలోనో కూర్చుంటారు. సర్వర్ పడిపోయిన రోజు కౌంటరు ముందు నిలబడ్డ జనం బ్యాకప్ వుందా అని అడగరు. "ఇంకెంతసేపు బాబూ?" అంటారు. ముందుగా కొలిచి పెట్టుకున్నవాడే ఆ మాటకు జవాబు చెప్పగలడు.