శిక్షకుని ఉద్వాసన

ఓడినవానిని నిందించుట సులభము. ఓటమికి కారణము వెదకుట కష్టము. అమెరికా సంయుక్తరాష్ట్రములలోని విశ్వవిద్యాలయము లనేకములు ఏటేట ఈ సులభమార్గమునే త్రొక్కుచున్నవి. అచ్చటి ఫుట్‌బాలు మనమెరిగిన కాలిబంతి కాదు. బంతిని చేతబట్టి పరుగిడు వేరొక క్రీడ. విద్యార్థులాడు ఆ పందెములను చూడ వేలకొలది జనము గుమిగూడుదురు. జట్టు వరుసగా నాలుగు పందెము లోడెనా, శిక్షకుని తొలగింపుడను కేక బయలుదేరును. అధికారులు ఆ కేకకు ఎప్పుడు చెవి యొగ్గవలెను?

నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు చరిత్ర యిందుకు మంచి పాఠము. 2003లో ఫ్రాంక్ సోలిచ్ అను శిక్షకుని జట్టు 9 పందెములు గెలిచి 3 ఓడినది. పూర్వవైభవమున కిది చాలదని ఆయనకు ఉద్వాసన చెప్పిరి. 2014లో బో పెలీనికిని 9 గెలుపుల పిమ్మట అదే గతి పట్టినది. ఫలమేమి? 2017 మొదలు 2023 వరకు ఏడేండ్లు వరుసగా ఓటములే గెలుపులను మించినవి. ఆ నడుమ స్కాట్ ఫ్రాస్టు 16 గెలిచి 31 ఓడెను. ఆయనను తొలగించుట అన్యాయమని మేమనము. కాని 2021లో 9 పందెము లోడినప్పుడు ఉంచుకొని, 2022లో మూడు పందెములు ముగియగనే సెప్టెంబరు 11న తొలగించిరి. తొమ్మిది ఓటములు తెలుపని దేమి ఈ మూడు పందెములు తెలిపినవి? మరి మూడువారము లాగినచో, కోటి యేబది లక్షల డాలరుల పరిహారము సగమునకు తగ్గెడిది. వివేకము ఆలస్యమై, ఆగ్రహము తొందరపడినది.

వర్జీనియా టెక్ విద్యాలయము వేరుదారి పట్టినది. 1987లో వచ్చిన ఫ్రాంక్ బీమరు తొలి ఆరేండ్లలో 24 గెలిచి 40 ఓడెను. 1992లో గెలిచినవి రెండే. అయినను ఆయనను ఉంచి, ఉపశిక్షకులలో మార్పులు చేయించిరి. మరుసటి యేడు 9 గెలుపులు లభించినవి. 1993 మొదలు 2015లో విరమించువరకు 23 సంవత్సరములు ఒక్కయేడును తప్పక ఆ జట్టు ఋత్వంతమున జరుగు బౌల్ పందెములకు ఎన్నికైనది.

కావున ఓటముల సంఖ్య యొక్కటియే ప్రమాణము కారాదు. విద్యార్థులు అతనివద్ద నేర్చుకొనుచున్నారా? తన లోపముల నతడు గుర్తించి సవరించుకొనుచున్నాడా? ఔనన్నచో ఉంచుడు, కాదన్నచో ఏడాది చివర గౌరవముతో సాగనంపుడు. గెలుపు మత్తులో దీర్ఘమైన ఒడంబడికలు వ్రాసి పిదప వగచుట తగదు. 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయము జింబో ఫిషరును వదలించుకొనుటకు సుమారు 7 కోట్ల 60 లక్షల డాలరుల భారము తలకెత్తుకొనవలసివచ్చెను.

క్రీడ వేరైనను ధర్మ మొక్కటియే. మన హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలోని భారత కాలిబంతి జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియాచేత 10-1గా ఓడినది. ఆ యొక్క దినమును చూచి ఆయనను శాశ్వతముగా త్యజించియుండినచో, 1956 మెల్‌బోర్నులో నాల్గవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణమును ఆయన చేతిమీదుగా దేశమునకు దక్కియుండునా? చెట్టు కాయలేదని గొడ్డలి యెత్తువారు, ముందు వేరునకు నీరందెనో లేదో చూడవలెను.