శాంతి పనికి శిక్షణ : ప్రభుత్వ గ్రాంటు

ఒక పట్టణంలో మత కలహం జరిగిన మరునాటి నుండి ప్రభుత్వ ధనం ఏయే దారుల వ్యయమవుతుందో మనకందరికీ తెలిసినదే. అదనపు బలగాలకు భత్యాలు, మృతుల కుటుంబాలకు ఎక్స్‌గ్రేషియా, కాలిపోయిన దుకాణాలకు పరిహారం, ఒక విచారణ సంఘం, ఆ సంఘంవారి నివేదికకు అచ్చు ఖర్చులు. వీటిలో ఏదీ అనవసరమని మేము అనడం లేదు. ఇల్లు కాలినవానికి పరిహారం అందవలసినదే. అది సకాలంలో అందితే మరీ మంచిది. కాని ఆ కలహానికి ముందటి నెలలో, ముందటి సంవత్సరంలో చేయవలసిన పని ఒకటి ఉన్నది. దానికి మన బడ్జెట్లలో పద్దు కనబడడం కష్టం. గల్లీలో పుట్టిన తగవు గల్లీలోనే చల్లారేటట్లు చూడగల యువకులను, స్త్రీలను, పెద్దలను శిక్షణ ఇచ్చి తయారుచేయడమే ఆ పని. దీనికి ప్రభుత్వం గ్రాంటు ఇవ్వవలెనా, ఇచ్చినయెడల ఏ విధంగా ఇవ్వవలెను అన్నదే ఈ వ్యాసంలో మేము చర్చింపదలచిన విషయం.

శాంతికి శిక్షణ ఏమిటి, మంచి మనసు ఉంటే చాలదా అని కొందరు అడుగవచ్చును. చాలదు. రెండు గుంపులు ఎదురెదురుగా నిలిచినప్పుడు ముందు ఎవరితో మాట్లాడవలెను? పెద్ద గొంతుతో అరచేవానితోనా, లేక అతడు ఎవరి మాట వింటాడో ఆ మనిషితోనా? ఒక వదంతి చెవిని పడినప్పుడు దానిని ఖండించడానికి ముందు దాని మొదలు ఎక్కడ ఉన్నదో ఎట్లా తెలుసుకోవలెను? గాయపడి ఆసుపత్రిలో ఉన్న యువకుని తమ్ముడు ఆ రాత్రి ఇంట్లోనే ఉన్నాడా, మిత్రులను పోగుచేసుకొని బయలుదేరినాడా అన్నది ఎవరు కనిపెట్టి ఉండవలెను? ఇవన్నీ అభ్యాసం చేత అబ్బే విద్యలు. నీళ్లలో దిగనివానికి ఈత రానట్లే ఇవి కూడా ఉపన్యాసాలు విన్నంత మాత్రాన రావు.

ఈ విద్యకు ప్రభుత్వ గ్రాంట్లు పెద్దయెత్తున ఇచ్చి చూచిన దేశం అమెరికా. వారి జబ్బు వేరు, మన జబ్బు వేరు. వారిది తుపాకీ జబ్బు. ఒకే పేటలోని యువకుల ముఠాలు ఒకదానిపై ఒకటి పగ సాధించడం. మనది మత కలహం. అయినా రెండింటి నడక ఒక్కటే: మొదటి దెబ్బకు బదులు, ఆ బదులుకు మరొక బదులు. కనుక వారి అనుభవం మనకు పనికిరాకపోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థలో అంటువ్యాధుల నివారణకు పనిచేసిన గేరీ స్లట్కిన్ అనే వైద్యుడు స్వదేశానికి తిరిగివచ్చి, హింస కూడా ఒకరినుండి ఒకరికి అంటువ్యాధివలె ప్రాకుతున్నదని తలచి, చికాగో నగరంలోని వెస్ట్ గార్ఫీల్డ్ పార్క్ అనే పేటలో 2000లో ఒక పథకం ఆరంభించాడు. దానిని మొదట సీజ్‌ఫైర్ అన్నారు. పిమ్మట అది క్యూర్ వయొలెన్స్ అయినది. అందులోని కార్యకర్తలలో చాలామంది అదే పేటలలో పుట్టి పెరిగి, ఒకప్పుడు ముఠాలలో తిరిగి, జైలుకు పోయి వచ్చినవారు. వారు ఆయుధం పట్టరు. పోలీసులకు సమాచారం చేరవేయరు. కాల్పులలో గాయపడినవాని మంచం దగ్గర కూర్చుండి, అతని బంధుమిత్రులు ఆ రాత్రి పగకు బయలుదేరకుండ చూడడం వారి పని. ఇటువంటి మనుషులకు జీతమిచ్చి, తరిఫీదునిచ్చి పనిలో పెట్టడమంటే ఏ ప్రభుత్వ గుమాస్తాకైనా చేయి వణకుతుంది. అయినా ఇచ్చారు.

ఫలితాలు ఎట్లున్నవి? ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. 2008లో వెస్లీ స్కోగన్ అనే ఆచార్యుని బృందం చికాగోలోని ఏడు ప్రాంతాలను పరిశీలించి, వాటిలో నాలుగింట కాల్పులు 16 నుండి 28 శాతం వరకు తగ్గడానికి ఈ పథకమే కారణమని తేల్చినది. అదే తరహా పథకం పిట్స్‌బర్గ్‌లో నడువగా, హత్యలు తగ్గిన జాడ లేదని 2010లో వెలువడిన పరిశీలన చెప్పినది. అంటే ఈ మందు పేరు చూచి మింగితే పనిచేసేది కాదు. ఇచ్చేవాని చేతిని బట్టి, తీసుకొనేవాని ఒంటిని బట్టి ఉంటుంది. పని అపాయకరమైనది కూడా. 2021 జనవరికి, 2022 జనవరికి నడుమ ఒక్క బాల్టిమోర్ నగరంలోనే ఇటువంటి కార్యకర్తలు ముగ్గురు తుపాకులకు బలియైనారు. శిక్షణ అన్న మాట కాగితంపైన అలంకారం కాదని చెప్పడానికే ఈ సంగతి వ్రాస్తున్నాము.

ఇక ధనం సంగతి. 2007లో ఇల్లినాయ్ రాష్ట్ర నిధులు ఆగిపోగా చికాగోలోని కేంద్రాలు చాలవరకు మూతపడినవి. పేటలో నమ్మకం సంపాదించుకొనడానికి ఏండ్లు పట్టినది. మూయడానికి ఒక్క సంతకం చాలినది. 2022 జూన్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వమే చట్టం చేసి, వాడలలోని హింసను ఆపే ఇటువంటి కార్యక్రమాలకు అయిదేండ్లకుగాను 25 కోట్ల డాలర్లు కేటాయించినది. ఎందరో కార్యకర్తలు ఉద్యోగాలలో చేరారు, శిక్షణలు మొదలైనవి. 2025 ఏప్రిల్‌లో అక్కడి న్యాయశాఖ 350కి పైగా గ్రాంట్లను నడుమనే రద్దు చేసినది. వాటి మొత్తం విలువ దాదాపు 80 కోట్ల డాలర్లు; హింసా నివారణ సంస్థలకు ఇచ్చినవి అందులో పెద్ద భాగం. శాఖ ప్రాధాన్యాలు మారినవన్నదే చెప్పిన కారణం. కొన్నింటిని తరువాత పునరుద్ధరించారు. కాని అప్పటికే ఇంటికి పంపబడిన మనిషి మళ్లీ అదే గల్లీలోనికి పోయి, నేను మొన్నటివాడనే, నా మాట వినండి అని చెప్పగలడా?

గ్రాంటు వద్దని ఈ కథకు అర్థం చెప్పేవారు ఉండవచ్చును. మేము అట్లా తలచడం లేదు. తన ప్రజల ప్రాణరక్షణకు ధనం వెచ్చించడం ప్రభుత్వ విధి. చందాలతో సాగవలసిన పుణ్యకార్యం కాదది. అయితే ఏటేటా పునఃపరిశీలన పేరిట వ్రేలాడే గ్రాంటు, పంట చేతికి రాకముందే నీరు కట్టివేసే కాలువ వంటిది. మూడు సంవత్సరాలకు తక్కువ కాకుండ, నడుమ ఉపసంహరించడానికి వీలు లేకుండ ఇచ్చినప్పుడే దానికి ప్రయోజనం.

ఇప్పుడు మన దేశానికి వద్దాము. ఠాణా జిల్లాలోని భివండి మరమగ్గాల పట్టణం. 1970లోను, 1984లోను అక్కడ ఘోరమైన మత కలహాలు జరిగినవి. 1988లో అక్కడికి వచ్చిన సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి మొహల్లా కమిటీలను ఏర్పరచాడు. హిందువులు, ముస్లిములు సమానంగా ఉన్న ఆ కమిటీలు పండుగలకు మాత్రమే కాక ఏడాది పొడుగునా కూడుకొన్నవి. కుళాయి తగవులు, మురుగు కాలువ తగవులు, పిల్లల కొట్లాటలు అక్కడనే తేలిపోయినవి. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలలలో పొరుగుననే ఉన్న బొంబాయి నగరంలో, శ్రీకృష్ణ సంఘం లెక్క ప్రకారం, 900 మంది ప్రాణాలు పోయినవి. భివండి కదలలేదు. పేరుమోసిన కలహాల పట్టణం ఆ రెండు నెలలు మగ్గాలు నేసుకొంటూ కూర్చున్నది. మగ్గం ఒకరిది, నూలు ఒకరిది, బేరం ఇంకొకరిది అయినచోట శాంతికి వ్యాపారపు అండ కూడా ఉంటుందనుకోండి. అయినా 1984లోనూ అవే మగ్గాలు ఉన్నవి గదా! మధ్యలో వచ్చిన తేడా కమిటీలదే అని మా అభిప్రాయం. కాని ఆ ఏర్పాటు ఒక అధికారి ఓర్పు మీద నిలిచినది. 2006లో అదే పట్టణంలో ఒక పోలీసు స్టేషను స్థలం విషయమై చెలరేగిన ఘర్షణలో ఇద్దరు కానిస్టేబుళ్లు హతులైనారు. పోలీసు కాల్పులలోను ప్రాణాలు పోయినవి. అధికారులు బదిలీ అవుతారు. శిక్షణ పొందిన గల్లీ మనుషులు బదిలీ కారు.

హైదరాబాదు సంగతి మన పాఠకులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1978, 1983, 1984, 1990 అని సంవత్సరాలు చెప్పితే పాతనగరంలోని పెద్దలు మిగిలినది తామే చెప్పగలరు. 1950 నుండి 1995 వరకు దేశంలో జరిగిన మత కలహాలను లెక్కించిన అశుతోష్ వార్ష్ణేయ, నగరాలలో సంభవించిన మరణాలలో దాదాపు సగం ఎనిమిది నగరాలలోనే జరిగినవని 2002లో ప్రకటించిన తన గ్రంథంలో చూపించాడు. ఆ ఎనిమిదింటిలో మన నగరమొకటి. ఇది సిగ్గుపడవలసిన విషయమే కాని, ఖజానా దృష్టితో చూచిన ఒక విధంగా అనుకూలమైనది కూడా. దేశమంతటా చల్లవలసిన డబ్బు కాదిది. ఎక్కడ కావలెనో తెలిసిన డబ్బు.

అయితే మన ఏర్పాట్లు ఏమిటి? 1992లో కేంద్ర హోంశాఖ క్రింద జాతీయ మత సామరస్య ప్రతిష్ఠానం ఏర్పడి, కలహాలలో తల్లిదండ్రులను పోగొట్టుకొన్న పిల్లల చదువులకు సాయం చేసినది. మంచి పని; కాని అది కూడా తరువాతి పనే. ఇక ముందటి పనికి ఉన్నది పీస్ కమిటీ. మనవారు దానినే అమన్ కమిటీ అంటారు, తెలుగు పత్రికలు శాంతి సంఘమంటవి. పేర్లు మూడు, సమావేశం మాత్రం ఒక్కటే: పండుగకు వారం ముందు పోలీసు స్టేషను ఆవరణలో కుర్చీలు వేయబడతవి, తేనీరు, బిస్కత్తులు వస్తవి, ఏటేటా వచ్చే పెద్దమనుషులే వచ్చి ఏటేటా చెప్పే మాటలే చెప్పి పోతారు. ఇరువదేండ్ల యువకుడు అక్కడ అరుదు. స్త్రీ అంతకన్న అరుదు. రాళ్లు పడేది పెద్దమనుషుల చేతినుండి కాదు, ఆపవలసినవారు వారొక్కరే కారు.

వారి పనిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. 2023లో గణేశ నిమజ్జనం, మిలాదున్నబీ ఒకే దినాన రాగా, హైదరాబాదులో మిలాద్ జులూసును ముస్లిం పెద్దలు తామే మూడు దినాలు వెనుకకు జరిపారు. 2024లోను అట్లే వాయిదా వేసుకొన్నారు. ఏ గ్రాంటు లేకుండ, ఏ సర్టిఫికెట్టు లేకుండ జరిగిన ఈ పని ఎంత రక్తాన్ని ఆపినదో ఎవరు లెక్క కట్టగలరు? జరగని కలహానికి నివేదిక ఉండదు, నివేదిక లేని పనికి బడ్జెటులో పద్దు ఉండదు. కాని ఆ నిర్ణయాన్ని గల్లీ గల్లీకి తీసుకొనిపోయి, మనము తగ్గిపోయినామా అని అడిగే కుర్రవానికి ఓపికగా జవాబు చెప్పే పని పెద్దల తీర్మానంతో పూర్తి కాదు. ఆ జవాబు చెప్పేవానికే శిక్షణ కావలెనని మేము అంటున్నాము.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ప్రభుత్వ ధనం ముట్టినవానిని మొహల్లా పోలీసు మనిషి అంటుంది. ముట్టనివానిని అధికారులు, వీని వెనుక ఎవరున్నారో అంటారు. చికాగోలో కార్యకర్తలకు రెండు వైపులనుండి వచ్చిన అనుమానం ఇదే. దీనికి మాకు తోచిన మార్గం, గ్రాంటు పోలీసు శాఖ ద్వారా రాకూడదు. విద్యాశాఖ ద్వారానో, విశ్వవిద్యాలయాల ద్వారానో రావలెను. శిక్షణకు మనుషులను ఎన్నుకొనేది ఆ వాడవారే కావలెను. వచ్చిన పైసకు, పోయిన పైసకు లెక్క ఉర్దూలోను తెలుగులోను వ్రాసి మసీదు దగ్గర, గుడి దగ్గర, రేషన్ దుకాణం దగ్గర అంటించవలెను. తన పేరున వచ్చిన ధనం ఎటు పోయినదో కన్నులార చూచిన వాడ, ఆ ధనం ముట్టినవానిని అంత తొందరగా అనుమానించదు.

విద్యాసంస్థల ద్వారా అన్నాము గనుక మన కళాశాల మాట కూడా చెప్పక తప్పదు. 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకం క్రింద ప్రతి వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయవలసి ఉన్నది. ఏడు దినాల ప్రత్యేక శిబిరం కూడా ఉన్నది. ఆ గంటలలో మొక్కలు నాటుతున్నాము, రోడ్లు ఊడ్చుతున్నాము. నాటిన మొక్కలలో ఎన్ని బ్రతికినవని అడిగితే మాట మార్చుతున్నాము! ఆ 120 గంటలలో 30 గంటలు ఈ శిక్షణకు కేటాయించడానికి ఏ క్రొత్త జీవో అవసరమున్నదని మేము అనుకొనడం లేదు.

అదీకాక, ఇతర కళాశాలలకు లేని సౌకర్యం మనకు ఒకటి ఉన్నది. వదంతికి రెండు భాషలు ఉంటవి. ఉర్దూలో పుట్టిన మాట ఉర్దూ చెవులలోనే తిరుగుతుంది. తెలుగులో పుట్టినది తెలుగు ఫోన్లలోనే తిరుగుతుంది. ఒకే సంఘటన రెండు కథలై, రెండు వాడలలో రెండు కోపాలను పెంచుతుంది; ఎదుటివారు ఏమి విన్నారో ఏ వాడకూ తెలియదు. ఆ రెండు కథలను ఒక బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి చూడగల విద్యార్థులు మన తరగతి గదులలో ప్రతిదినం ప్రక్కప్రక్కననే కూర్చుంటున్నారు. ఉర్దూ శాఖ నుండి ఒకరు, తెలుగు శాఖ నుండి ఒకరు చొప్పున జతలుగా ఏర్పడి, తమ బస్తీలో ఆ వారం వినబడిన మాటలను వ్రాసుకొని, ఎక్కడినుండి వచ్చినవో విచారించి, నిజమెంతో తేల్చుకొనడం అలవాటు చేసుకొన్నయెడల, చికాగోనుండి పాఠాలు తెప్పించుకొనవలసిన పని సగం తగ్గుతుంది. ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకొనే నాటికి చూపడానికి మనచేత ఒక సంవత్సరపు పని ఉంటుంది.

కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. వచ్చే విద్యాసంవత్సరపు బడ్జెటులో దీనికి ఒక చిన్న పద్దు తెరవండి. పది జతల విద్యార్థులకు సిటీ బస్సు చార్జీలు, శనివారపు సమావేశానికి తేనీరు, రెండు భాషలలో గీతలు గీయించిన ఒక రిజిస్టరు, ఆ రిజిస్టరుకు తాళమున్న ఒక బీరువా అర. పేర్లు వ్రాసిన పుస్తకం కనుక తాళం తప్పనిసరి. దాని చెవులు రెండు ఉండవలెను, ఒకటి ఉర్దూ శాఖాధ్యక్షుల దగ్గర, ఒకటి తెలుగు శాఖాధ్యక్షుల దగ్గర.