చౌక తెచ్చిన కరువు

గాదెలలో ధాన్యము నిండుగా నుండగనే ఊళ్లకు ఊళ్లు లేమిలో క్రుంగిపోవుట ఎట్లు సంభవించునో తెలిసికొనగోరువారు 1930 ప్రాంతపు కృష్ణా గోదావరీ డెల్టాలను ఒకసారి తలచుకొనవలెను. నందన కరువులోను ధాత కరువులోను గింజ దొరకక జనము మడిసిరి. ఈ కరువులో గింజ కలదు, కొనువాడు లేడు. ఆ రెంటికి పేర్లు పెట్టుకొని తరతరములు చెప్పుకొన్న మనవారు దీనికి పేరైనను పెట్టలేదు. ఆర్థిక మాంద్యమన్న మాట పత్రికలలో పుట్టినదే గాని పొలము గట్టున పుట్టినది కాదు.

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలినందున మన పల్లెలును కూలినవని పాఠ్యపుస్తకములు ఒక్క వాక్యముతో తేల్చివేయుచుండును. జబ్బు అక్కడినుండి వచ్చినదే. పథ్యము చెడగొట్టినవారు మాత్రము ఇక్కడనే ఉండిరి. 1927లో ప్రభుత్వము రూపాయి మారకపు విలువను 1 షిల్లింగు 6 పెన్నీలుగ శాసనబద్ధము చేసినది. 1 షిల్లింగు 4 పెన్నీలే తగునని, అంతకు మించినచో సేద్యగానికి నష్టమని బొంబాయి వర్తకప్రముఖుడు పురుషోత్తమదాసు ఠాకూర్‌దాసు వాదించిన వాదము అరణ్యరోదనమైనది. రెండు పెన్నీల భేదమే గదా అని తోచవచ్చును. సీమలో పద్దెనిమిది పెన్నీలు పలికిన సరకునకు రూపాయి రెండణాలు చేతికి రావలసిన చోట రూపాయి మాత్రమే వచ్చును. ఆ రేటును నిలుపుటకై చెలామణిలోని ద్రవ్యమును బిగించుచు వచ్చిరి గనుక, ధరలు జారుచున్న కాలమున ఆ జారుడుకు ఇది మరియొక త్రోపు.

వడ్ల ధర మూడు నాలుగేండ్లలో ఇంచుమించు సగమునకు దిగినది. శిస్తు దిగలేదు. ఒక రైతు చెల్లింపవలసినది ఇరువది రూపాయలనుకొందము. బస్తా ఐదు రూపాయలు పలికిననాడు నాలుగు బస్తాలు తూచి ఇచ్చిన తీరిపోవు బాకీ, రెండున్నరకు దిగిననాడు ఎనిమిది బస్తాలను మ్రింగును. వాన కురిసినది, కాలువ పారినది, పంట పండినది. రైతు చేసిన లోపమేమియు లేదు. కరణముగారి చిట్టాలోని అంకెయు మారలేదు. ప్రోనోటు మీది అంకెయు అట్టిదే. ఇది చాలదన్నట్లు ఆ గడ్డు రోజులలోనే రీసెటిల్‌మెంటు పేర ఈ డెల్టాలలో శిస్తును రూపాయికి మూడణాల చొప్పున హెచ్చించుటకు చెన్నపట్టణపు దొరలు పూనుకొనిరి. ధరలు తగ్గినవన్న వార్తను పట్టణవాసులు నేటికిని శుభవార్తగనే చదువుదురు. మదనపల్లె సంతలో టమాటా తట్టకు కూలి కూడ గిట్టని దినమున రైతు ముఖము చూచినవారు అట్లు చదువజాలరు.

రంగూను డబ్బు ఒకటి ఆధారముగ నుండెడిది. విశాఖ, కాకినాడ రేవులలో స్టీమరెక్కి పోయిన కూలీలు పంపు మనియార్డరుతో ఎన్నో ఇండ్ల శిస్తు గట్టెక్కెడిది. 1930 మే మాసమున రంగూను ఓడరేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టుటయు, వారి స్థానమున బర్మావారిని పెట్టి, సమ్మె తీరినంతనే వారిని తొలగించుటయు, దాని వెంట నెత్తురు పారుటయు చరిత్రకెక్కినవే. పూట గడువని ఇద్దరు పేదలను ఒకరిమీదికొకరిని ఉసికొల్పుటకు మాంద్యమును మించినది లేదు.

ఇక మిగిలినది బంగారము. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారు ప్రమాణమును విడిచి, రూపాయిని స్టెర్లింగునకు కట్టివేయగా, అంతకుముందు తులము ఇరువదియొక్క రూపాయల చిల్లరగా నున్న పసిడి ధర కొన్ని యేండ్లలో ముప్పది దాటినది. లాభమునకు ఆశపడి జనము అమ్ముకొనుచున్నారని ఏలినవారు సంతసించిరి. ఆ లాభము ఎట్టిదో కంసాలి వాకిట నిలిచి చూడవలసినది. ఇల్లాలు మెడలోని కాసులపేరును ఒక్కుమ్మడిగ ఇచ్చివేయదు. ఈ కిస్తుకు రెండు కాసులు, పై కిస్తుకు మరి రెండు. కంసాలి చిన్న త్రాసు తీసి, ఒక సిబ్బెలో కాసును, ఒక సిబ్బెలో గురిగింజలను వేసి, ముల్లు నిలుచువరకు ఊపిరి బిగపట్టును. ఆమె చూపు త్రాసుమీద లేదు, తెగిన దారమును వ్రేళ్లతో ముడివేయుచున్నది. చివరకు పుస్తెలును పోయి పసుపుకొమ్ము మిగిలిన మెడలకు లెక్క వ్రాసినవారు లేరు. బొంబాయి రేవునుండి లండనుకు కదలిన బంగారము విలువ మాత్రము వందలాది కోట్లని లెక్కకెక్కినది.

1938లో రాజాజీ మంత్రివర్గము వ్యవసాయదారుల రుణవిమోచన చట్టము తెచ్చి, 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పుల మీద పేరుకొన్న వడ్డీని కొట్టివేసెను. మంచి చట్టమే. అది వచ్చునాటికి ఆ కాసులు సముద్రము దాటి ఆరేండ్లు దాటినది.